గోడ దాటే క్షణం ఎవరిది? వర్చువల్‌బాక్స్, క్యూబ్స్ క్లిప్‌బోర్డులు పక్కపక్కన

వర్చువల్ మెషీన్‌ను మనం వాడేది ఒక్క భరోసా మీద: లోపల ఏం జరిగినా బయటికి పొక్కదు. అనుమానం కలిగించే అటాచ్‌మెంటు తెరిచి చూడాలన్నా, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామును ఎక్కించి పరీక్షించాలన్నా, బ్యాంకు లావాదేవీలను మిగతా బ్రౌజింగుకు దూరంగా ఉంచాలన్నా ఆ భరోసాయే ఆధారం. ఆ గోడ కట్టడానికి, వర్చువల్ మెషీన్లను నడిపే హైపర్‌వైజర్ రాసే ఇంజనీర్లు ఏళ్ల తరబడి కష్టపడతారు. మెమరీని వేరుచేస్తారు, డిస్కును వేరుచేస్తారు, ప్రాసెసర్‌లో ఒక మెషీను వదిలిన ఆనవాళ్లు ఇంకో మెషీనుకు చిక్కకుండా జాగ్రత్తపడతారు. తీరా పని మొదలయ్యాక కాసేపటికే అక్కడి లింకు ఇక్కడికి కావాల్సి వస్తుంది. సెట్టింగుల్లోకి వెళ్లి షేర్డ్ క్లిప్‌బోర్డును ఆన్ చేస్తాం. అంత శ్రమతో లేచిన గోడకు మన చేత్తో మనమే కన్నం పెడతాం.

ఆ కన్నం లేకుండా పని సాగదు, ఒప్పుకుంటాను. కాపీ పేస్టు లేని రోజు కంప్యూటరు ముందు ఎవరికీ గడవదు. అయితే అన్ని కన్నాలూ ఒకలాంటివి కావు. సమాచారం గోడ దాటే క్షణాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారు అన్నదాన్ని బట్టి వాటి మంచిచెడ్డలు మారిపోతాయి. ఆ ప్రశ్నకు రెండు వేర్వేరు జవాబులిచ్చిన రెండు వ్యవస్థలను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఒకటి వర్చువల్‌బాక్స్‌లోని షేర్డ్ క్లిప్‌బోర్డ్. మరొకటి క్యూబ్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోని గ్లోబల్ క్లిప్‌బోర్డ్. నా వాదన ముందే చెబుతాను: కాపీ చేయడం ఒక పని, గోడ దాటించడం మరో పని. ఆ రెంటినీ ఒకే మీటకు కట్టేసిన వ్యవస్థ వాడటానికి ఎంత సుఖంగా ఉన్నా, భద్రత దృష్టితో చూస్తే అది తప్పు నిర్మాణమే.

రెండు పుట్టుకలు

వర్చువల్‌బాక్స్ జర్మనీలోని ఇన్నోటెక్ అనే కంపెనీలో పుట్టింది. 2007లో ఓపెన్ సోర్స్ రూపంలో బయటికొచ్చింది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ చేతికీ, 2010లో సన్‌తో పాటు ఒరాకిల్ చేతికీ వెళ్లింది. ఉచితంగా దొరకడం, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా నడవడం వల్ల ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల నుంచి సైబర్ సెక్యూరిటీ కోచింగుల దాకా వర్చువల్ మెషీన్ పరిచయం చాలామందికి దీనితోనే మొదలవుతుంది. దీని లక్ష్యం సౌకర్యం. ఇప్పటికే వాడుతున్న కంప్యూటరులో ఇంకో కంప్యూటరును నడుపుకోవడం, ఆ రెండూ ఒకటే అన్నంత సాఫీగా పని చేసుకోవడం.

క్యూబ్స్ కథ వేరు. పోలండ్‌కు చెందిన భద్రతా పరిశోధకురాలు జోఆనా రుట్‌కోవ్‌స్కా నాయకత్వంలో ఇన్విజిబుల్ థింగ్స్ ల్యాబ్ 2010 ఏప్రిల్‌లో దీన్ని ప్రకటించింది. 1.0 వెర్షన్ 2012 సెప్టెంబరులో వచ్చింది. 2018 నుంచి మారెక్ మార్చికోవ్‌స్కీ-గురెట్స్కీ దీన్ని నడిపిస్తున్నారు. జెన్ హైపర్‌వైజర్ మీద నిలిచిన ఈ వ్యవస్థలో వర్చువల్ మెషీన్ అదనపు హంగు కాదు, రోజువారీ జీవితమే అందులో సాగుతుంది. ఆఫీసు పనికి ఒక క్యూబ్ (అంటే ఒక వర్చువల్ మెషీన్), సొంత పనులకు ఒకటి, నమ్మకం లేని సైట్లకు ఇంకొకటి, పాస్‌వర్డులకు నెట్‌వర్కే లేని మరొకటి. ప్రతి విండో అంచుకూ అది ఏ క్యూబ్‌కు చెందిందో చెప్పే రంగు ఉంటుంది. ఇవన్నీ ఒక ఇంట్లోని గదుల్లా కాక, ఒకదాన్నొకటి నమ్మని మెషీన్లుగానే బతుకుతాయి.

ఈ పుట్టుకలోనే తేడా ఉంది. వర్చువల్‌బాక్స్‌కు క్లిప్‌బోర్డు అతుకు కనబడకుండా చేసే సాధనం. క్యూబ్స్‌కు అది అతుకు ఎక్కడుందో గుర్తుచేయాల్సిన చోటు. మిగతా తేడాలన్నీ ఇక్కడి నుంచే వచ్చాయి.

హోస్టు కూడలి అయితే

వర్చువల్‌బాక్స్‌లో షేర్డ్ క్లిప్‌బోర్డుకు నాలుగు స్థితులున్నాయి: పూర్తిగా మూసి ఉంచడం, హోస్టు (మన అసలు కంప్యూటరు) నుంచి గెస్టుకు (అందులో నడిచే వర్చువల్ మెషీనుకు) మాత్రమే, గెస్టు నుంచి హోస్టుకు మాత్రమే, రెండు వైపులా. గెస్టులో గెస్ట్ అడిషన్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎక్కిస్తేనే ఇది పనిచేస్తుంది. కొత్తగా సృష్టించిన మెషీన్‌లో మూసే ఉంటుంది. ఎందుకు మూశారో కూడా దాని భద్రతా సూచనల్లో దాపరికం లేకుండా రాశారు: హోస్టు క్లిప్‌బోర్డు గెస్టుకు అందితే హోస్టులోని రహస్యాలు అందే అవకాశముందనీ, నెట్‌వర్కు ద్వారా ఆ గెస్టులోకి వచ్చిన మరో మనిషికి కూడా అవే అందుతాయనీ. ఈ నిజాయితీకి మార్కులు వేయాల్సిందే.

చిక్కు ఆ స్విచ్చి స్వభావంలో ఉంది. అది ఆ మెషీన్ మొత్తానికి ఒక్కటే. ఇవాళ ఒక్క లింకు కోసం ఆన్ చేస్తే, మళ్లీ మనం గుర్తుపెట్టుకుని ఆఫ్ చేసేదాకా తెరిచే ఉంటుంది. ఆ మధ్యలో మనం చేసే ప్రతి కాపీ, ఏ ఉద్దేశంతో చేసినా, గెస్టుకు అందుబాటులోకి వెళుతుంది. గెస్టు విండో కింద ఎక్కడో మరుగున పడి ఉన్నా సరే.

ఇది ఊహ కాదని చూపడానికి పెద్ద హంగామా అక్కర్లేదు. ఎక్స్11 డెస్క్‌టాప్ ఉన్న లైనక్స్ గెస్టును తీసుకోండి. క్లిప్‌బోర్డును హోస్టు నుంచి గెస్టుకు తెరవండి. గెస్టులో సెకనుకోసారి ఎక్స్‌క్లిప్ ఆదేశాన్ని పిలిచి, క్లిప్‌బోర్డులో ఉన్నదాన్ని ఒక ఫైలులో చేర్చే నాలుగు పంక్తుల షెల్ స్క్రిప్టు రాయండి. రూట్ అనుమతి అవసరం లేదు, మామూలు యూజరు చాలు. ఇప్పుడు ఆ విండోను పక్కకు నెట్టి, హోస్టులో కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్ మేనేజరు తెరిచి, బ్యాంకు పాస్‌వర్డును కాపీ చేసి, హోస్టు బ్రౌజరులోనే పేస్టు చేయండి. గెస్టుకూ ఈ లావాదేవీకీ ఏ సంబంధమూ లేదు. కీపాస్‌ఎక్స్‌సీ తన బాధ్యతగా డిఫాల్టు ప్రకారం 10 సెకన్లలో క్లిప్‌బోర్డును తుడిచేస్తుంది కూడా. సెకనుకోసారి తొంగిచూసే స్క్రిప్టుకు ఆ 10 సెకన్లు ఎక్కువే. గెస్టులోని ఫైలు తెరిస్తే పాస్‌వర్డు అక్షరం పొల్లుపోకుండా కనబడుతుంది. ఏ హైపర్‌వైజర్ లోపమూ వాడుకోలేదు, ఏ హ్యాకింగూ చేయలేదు. వ్యవస్థ తనకు చెప్పిన పనే చేసింది.

వైరసును పరీక్షించడానికే ఆ గెస్టును పెట్టుకున్నామనుకోండి, ఇక ముప్పు ఎంతో చెప్పనక్కర్లేదు. రెండు వైపులా తెరిచి ఉంటే ముప్పు ఇంకో మెట్టు ఎక్కుతుంది. క్లిప్‌బోర్డులో క్రిప్టో వాలెట్ చిరునామా కనబడగానే దాని స్థానంలో తన చిరునామా పెట్టే మాల్వేర్లు ఏళ్లుగా తిరుగుతున్నాయి. అలాంటిది గెస్టులో కూర్చుని, హోస్టులో మనం కాపీ చేసిన చిరునామాను మార్చేయగలదు.

రెండు గెస్టుల మధ్య సంగతి మరీ ముఖ్యం. వర్చువల్‌బాక్స్‌లో గెస్టు నుంచి గెస్టుకు నేరుగా దారి లేదు. కానీ రెండు గెస్టులకూ రెండు వైపుల స్థితి ఇస్తే హోస్టు క్లిప్‌బోర్డు కూడలిగా మారుతుంది. ఒకదాంట్లో కాపీ చేసింది హోస్టుకు చేరుతుంది, అక్కడి నుంచి రెండో దానికీ అందుతుంది. ఆ రెంటినీ విడివిడిగా ఉంచాలనే కదా రెండు మెషీన్లు పెట్టుకున్నది! మనం ఏనాడూ అనుమతించని దారి, రెండు వేర్వేరు అనుమతులు కలవడం వల్ల ఏర్పడింది. ఇలా ఏర్పడిందని చెప్పే సందేశం ఏదీ తెర మీద కనబడదు.

2019 చెప్పిన పాఠం

ఇక్కడిదాకా చూసింది వ్యవస్థ సవ్యంగా పనిచేసినప్పటి సంగతి. క్లిప్‌బోర్డును మోసుకెళ్లే కోడ్‌లోనే తప్పుంటే ఏమవుతుందో మైక్రోసాఫ్ట్ హైపర్-వీ చూపించింది. దీన్ని మూడో పోటీదారుగా కాక, ఎప్పుడూ తెరిచి ఉండే క్లిప్‌బోర్డుకు సాక్ష్యంగా తీసుకుంటున్నాను.

2019 ఫిబ్రవరిలో చెక్ పాయింట్ సంస్థ పరిశోధకుడు ఎయాల్ ఇట్‌కిన్ రిమోట్ డెస్క్‌టాప్ మీద ఒక పరిశోధన బయటపెట్టారు. సాధారణంగా మనం భయపడేది సర్వరు మీద దాడి గురించి. ఆయన దిశ తిప్పి చూశారు: మనం కనెక్ట్ అయిన సర్వరే దుర్మార్గమైనదైతే? రిమోట్ డెస్క్‌టాప్‌లో ఫైళ్లు కూడా క్లిప్‌బోర్డు ద్వారానే కాపీ అవుతాయి. అవతలి నుంచి ఫైళ్ల పేర్ల జాబితా వస్తుంది. ఆ పేర్లలో పై ఫోల్డరుకు వెళ్లమని చెప్పే రెండు చుక్కల గుర్తులున్నాయేమో క్లయింటు చూడలేదు. దాంతో మనం ఒక ఫైలును ఏదో ఫోల్డరులో పేస్టు చేస్తే, అవతలివాడు జాబితాకు ఇంకో ఫైలు జోడించి, దాన్ని మన కంప్యూటరులోని స్టార్టప్ ఫోల్డరులో పడేయగలడు. మరోసారి లాగిన్ అవగానే అది తనంతట తానే నడుస్తుంది. మన వైపు నుంచి జరిగింది ఒక్క పేస్టు.

లోపం నిజమేనని ఒప్పుకుంటూనే, సవరణ విడుదల చేయాల్సినంత స్థాయిది కాదని మైక్రోసాఫ్ట్ మొదట జవాబిచ్చింది. తర్వాత పరిశోధకులు హైపర్-వీ వైపు తిరిగారు. హైపర్-వీలోని ఎన్‌హాన్స్‌డ్ సెషన్ తెర వెనక వాడేది ఇదే రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి. అంటే అదే లోపంతో గెస్టు నుంచి హోస్టులోకి దూకవచ్చు. ఆ సంగతి తేలాక 2019 జులైలో సీవీఈ-2019-0887 అన్న లోపం నంబరుతో సవరణ వచ్చింది. ఆ సవరణ ఫైళ్ల పేర్లలో వెనక్కి వాలిన గీతను (\) చూసింది, ముందుకు వాలిన గీతను (/) వదిలేసింది. దాన్ని పూడ్చడానికి 2020 ఫిబ్రవరిలో సీవీఈ-2020-0655 నంబరుతో ఇంకో సవరణ రావాల్సి వచ్చింది.

వీఎంవేర్ అనుభవమూ ఇదే చెబుతుంది. 2017 మార్చిలో వర్క్‌స్టేషన్, ఫ్యూజన్‌లలో డ్రాగ్ అండ్ డ్రాప్ కోడ్‌లో ఒక మెమరీ లోపం బయటపడింది. దాంతో గెస్టు నుంచి హోస్టు మీద కోడ్ నడిపే వీలుంది. డ్రాగ్ అండ్ డ్రాప్‌నూ కాపీ పేస్టునూ రెంటినీ ఆపేసి ఉంచినవాళ్ల మీద ఈ దాడి పారదని కంపెనీయే తన ప్రకటనలో చెప్పింది. సౌకర్యాన్ని వద్దనుకున్నవాళ్లకు సవరణ రాకముందే రక్షణ ఉందన్నమాట.

రెండు అడుగులు ఎక్కువ

ఇప్పుడు క్యూబ్స్‌కు వద్దాం. ఎర్ర అంచున్న విండోలో నమ్మకం లేని బ్రౌజరు నడుస్తోంది. అందులోని ఒక లింకు ఆకుపచ్చ అంచున్న ఆఫీసు క్యూబ్‌లోకి కావాలి. మొదట మామూలుగా కంట్రోల్ సీ నొక్కాలి. లింకు ఆ క్యూబ్ సొంత క్లిప్‌బోర్డులోకే వెళుతుంది, గడప దాటదు. తర్వాత అదే విండోలో కంట్రోల్ షిఫ్ట్ సీ. ఇప్పుడు అది గ్లోబల్ క్లిప్‌బోర్డుకు చేరుతుంది. ఏ క్యూబ్ నుంచి వచ్చింది, ఎన్ని బైట్లు వచ్చాయి అన్న చిన్న సందేశం తెర మూల కనబడుతుంది. ఆకుపచ్చ విండోలోకి వెళ్లి కంట్రోల్ షిఫ్ట్ వీ నొక్కితే లింకు ఆ క్యూబ్ క్లిప్‌బోర్డులోకి దిగుతుంది, వెంటనే గ్లోబల్ క్లిప్‌బోర్డు ఖాళీ అవుతుంది. చివరికి మామూలు కంట్రోల్ వీ. రెండు మీటల పని నాలుగు మీటలైంది.

ఆ అదనపు రెండు మీటల్లోనే అసలు విషయం ఉంది. వాటిని క్యూబ్‌లోని ఏ ప్రోగ్రాముకూ నొక్కడం సాధ్యం కాదు, నొక్కినట్టు నటించడమూ సాధ్యం కాదు. ఎందుకంటే ఆ మీటలను పట్టుకునేది క్యూబ్ బయట, డామ్‌జీరో అనే నిర్వాహక భాగంలో నడిచే గ్రాఫిక్స్ ప్రోగ్రాము. దానికి నెట్‌వర్కు ఉండదు. మీట నొక్కడం అందాక అదే క్యూబ్‌ను క్లిప్‌బోర్డు ఇమ్మని అడుగుతుంది. క్యూబ్ తనంతట తానుగా ఇస్తానన్నా తీసుకోదు, ఇమ్మన్నా ఇవ్వదు. సెకనుకోసారి తొంగిచూసే మన స్క్రిప్టును ఇక్కడ ఏ క్యూబ్‌లో పెట్టినా, దానికి ఆ క్యూబ్ సొంత క్లిప్‌బోర్డు తప్ప మరేదీ కనబడదు. పక్క క్యూబ్‌లో ఎవరో పాస్‌వర్డు కాపీ చేశారన్న సంగతే దానికి తెలియదు.

బైట్ల లెక్క చూపే ఆ సందేశం కూడా అలంకారం కాదు. అరవై డెబ్బై అక్షరాల లింకు కాపీ చేశామనుకున్నప్పుడు సందేశంలో వేల బైట్లు కనబడితే ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. వర్చువల్‌బాక్స్‌లో ఈ అవకాశం లేదు. అక్కడ సరుకు దాటిన సంగతే తెర మీదికి రాదు.

ఫైళ్ల విషయంలోనూ క్యూబ్స్ గీత గట్టిగా గీసింది. దాని గ్లోబల్ క్లిప్‌బోర్డులో పాఠం (టెక్స్ట్) మాత్రమే వెళుతుంది. ఫైలు పంపాలంటే వేరే ఆదేశం, వేరే అనుమతి పెట్టె ఉన్నాయి. వచ్చిన ఫైలు కూడా పంపిన క్యూబ్ పేరుతో ఉన్న ప్రత్యేక ఫోల్డరులోనే పడుతుంది. రిమోట్ డెస్క్‌టాప్ కథలో పేస్టు అనే ఒక్క మాట కింద అక్షరాలనూ ఫైళ్లనూ కలిపేయడం వల్లే కదా స్టార్టప్ ఫోల్డరు దాకా దారి దొరికింది. రెంటినీ విడదీస్తే దాడికి దొరికే చోటు అంత మేరకు తగ్గుతుంది.

ఎటు పోతే ఏం భయం

పోలికలో వర్చువల్‌బాక్స్ ముందున్న చోటు ఒకటుంది. అది దిశ. రహస్యాలున్న చోటు నుంచి నమ్మకం లేని చోటుకు సమాచారం జారితే గుట్టు బయటపడుతుంది. నమ్మకం లేని చోటు నుంచి ముఖ్యమైన చోటుకు వస్తే ఆ చోటే కలుషితమవుతుంది. భద్రతా శాస్త్రం ఈ రెంటినీ 1970ల నుంచే వేరువేరుగా చూస్తోంది. 1973లో బెల్, లపాడులా గుట్టు కాపాడే సూత్రాలు రాశారు. ఆ దశకంలోనే బీబా కలుషితం కాకుండా కాపాడే సూత్రాలు రాశారు. ఒకరి సూత్రాలు ఆపమన్న దిశను రెండోవారి సూత్రాలు అనుమతిస్తాయి.

వర్చువల్‌బాక్స్ మెనూ ఈ తేడాను సామాన్యుడి కంటి ముందు పెడుతుంది. వైరసు పరీక్షకు పెట్టిన గెస్టుకైతే ఏ దిశా తెరవకూడదు. బ్యాంకు పనికి పెట్టిన గెస్టుకైతే, దాని రహస్యాలు బయటికి రాకూడదు గనక, గెస్టు నుంచి హోస్టు దారి మూయాలి. ఈ ఎంపిక మెనూలో ఒక్క క్లిక్కు దూరం. క్యూబ్స్‌లోనూ ఇంతకంటే సూక్ష్మమైన నియమాలు పెట్టుకోవచ్చు. ఏ క్యూబ్ నుంచి ఏ క్యూబ్‌కు పేస్టు చెల్లదో పాలసీ ఫైలులో రాస్తే మీటలు నొక్కినా దాటదు. కానీ ఆ నియమాలేవీ మనం పెట్టకపోతే రెండు మీటలు ఏ దిశకైనా ఒకేలా పనిచేస్తాయి. ఎర్రలోంచి ఆకుపచ్చలోకి తెస్తున్నా, ఆకుపచ్చలోంచి ఎర్రలోకి పంపుతున్నా చేతివేళ్లకు తేడా తెలియదు. తక్కువ నమ్మకం ఉన్న చోటు నుంచి ఎక్కువ నమ్మకం ఉన్న చోటుకు తేవడం ఎప్పుడూ ప్రమాదమేనని క్యూబ్స్ తన సూచనల్లో హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక కాపీ చేసే క్షణాన తెర మీద కూడా కనబడి ఉంటే బాగుండేది.

క్యూబ్స్‌లోని లోట్లు

ఇంకో లోటు లోతైనది. రెండు వ్యవస్థలూ దాటుతున్న సరుకును పరీక్షించవు. అపార్టుమెంటు గేటు దగ్గర కాపలాదారు వచ్చినవారి పేరు, ఫ్లాటు నంబరు రాసుకుంటాడు కానీ సంచీ విప్పి చూడడు. క్యూబ్స్ చేసేది అంతే. వర్చువల్‌బాక్స్ గేటులో ఆ రిజిస్టరూ లేదు.

కాబట్టి పాఠంలోనే మోసం ఉంటే రెండూ సమానమే. వెబ్ పేజీలో కనబడే ఆదేశం ఒకటి, కాపీ అయ్యేది మరొకటి అయ్యేలా స్క్రిప్టు రాయవచ్చు. చివర కొత్త పంక్తి గుర్తు చేర్చితే, టెర్మినల్‌లో పేస్టు చేసిన మరుక్షణం ఎంటర్ నొక్కకుండానే అది నడిచిపోతుంది. 2020 చివర్లో వచ్చిన బాష్ 5.1 నుంచి పేస్టు చేసిన పాఠం తనంతట తాను నడవకుండా డిఫాల్టుగా అడ్డుకట్ట వేశారు. ఆ రక్షణ వచ్చింది అందుకునే ప్రోగ్రాము నుంచి, మధ్యలోని క్లిప్‌బోర్డు నుంచి కాదు.

మనిషి చేతికి తాళం ఇచ్చినప్పుడు మనిషినే మోసం చేసే దారి మిగిలే ఉంటుంది. 2024 నుంచి విస్తరించిన క్లిక్‌ఫిక్స్ దాడులు దీన్నే వాడుకుంటున్నాయి. మీరు మనిషేనని నిరూపించుకోండి, విండోస్ ఆర్ నొక్కండి, కంట్రోల్ వీ నొక్కండి, ఎంటర్ నొక్కండి అని నకిలీ పేజీ చెబుతుంది. చెప్పినట్టే చేసినవాళ్లు తమ చేతులతో తామే మాల్వేర్‌ను నడుపుకుంటారు. క్యూబ్స్ వాడేవారిని కూడా ఇలాంటి మాటలతో ఒప్పించవచ్చు. తేడా నష్టం ఎంత దూరం పాకుతుందన్న దాంట్లో ఉంది. ఒక క్యూబ్‌లో మోసపోతే ఆ క్యూబ్ పోతుంది. రెండో క్యూబ్‌లోకి ఆ మోసం దాటాలంటే మనిషిని మళ్లీ రెండు మీటలు నొక్కేలా ఒప్పించాలి. అంటే ఆలోచించుకోవడానికి ఇంకో అవకాశం దొరుకుతుంది.

ఇబ్బందులు కూడా చిన్నవి కావు. లైనక్స్ టెర్మినల్‌లో కంట్రోల్ షిఫ్ట్ సీ అంటే మామూలు కాపీ. క్యూబ్స్ అదే కలయికను గ్లోబల్ క్లిప్‌బోర్డుకు వాడుకోవడంతో టెర్మినల్‌లో బతికేవాళ్లకు చిరాకు. ఆ మీటలను మార్చుకునే వీలుంది గానీ, మార్చుకోవాలని తెలియాలి. తప్పు విండోలో కంట్రోల్ షిఫ్ట్ వీ నొక్కితే పాస్‌వర్డు తప్పు క్యూబ్‌కు చేరిపోతుంది, వెనక్కి తీసుకునే మీట లేదు. గ్లోబల్ క్లిప్‌బోర్డు ఖాళీ అయినా, అందుకున్న క్యూబ్ సొంత క్లిప్‌బోర్డులో ఆ పాఠం అలాగే ఉంటుంది. బొమ్మ పంపాలంటే ఫైలుగా పంపుకోవాల్సిందే. వీటన్నిటికీ మించి, ఈ వ్యవస్థ సాఫీగా నడవాలంటే 16 జీబీ మెమరీ ఉండాలని వాళ్లే సిఫారసు చేస్తారు. 8 జీబీ ల్యాప్‌టాప్‌తో చదువుకుంటున్న విద్యార్థిని క్యూబ్స్ వాడమనడం న్యాయం కాదు.

పూర్తిగా మూసేస్తే

ఈ తలనొప్పంతా ఎందుకు, మూసేస్తే పోలేదా అని అడగవచ్చు. పెద్ద సంస్థలు చాలావరకు ఆ దారే పట్టాయి. 2010లో వచ్చిన వీస్ఫియర్ 4.1 నుంచి వీఎంవేర్ సర్వర్ల కన్సోలులో కాపీ పేస్టు డిఫాల్టుగా మూసే ఉంది. కొత్తగా ఇచ్చే క్లౌడ్ పీసీల్లో క్లిప్‌బోర్డును డిఫాల్టుగా మూస్తామని 2025లో మైక్రోసాఫ్ట్ కూడా ప్రకటించింది.

మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల్లో విదేశీ బ్యాంకుకో బీమా కంపెనీకో పనిచేసేవారికి ఈ మూత అనుభవంలో ఉన్నదే. క్లయింటు ఇచ్చిన రిమోట్ డెస్క్‌టాప్‌లో వచ్చిన పొడవాటి ఎర్రర్ సందేశం బయటికి కాపీ కాదు. దాన్ని చూసి టైపు చేయడం గంట పని. అప్పుడు కొందరు ఏం చేస్తారు? ఫోను తీసి తెరకు ఫొటో కొట్టి వాట్సాప్‌లో సహోద్యోగికి పంపుతారు. ఆ ఫొటోలో ఎర్రరుతో పాటు పక్క విండోలోని ఖాతాదారుల వివరాలూ పడవచ్చు. క్లిప్‌బోర్డు మూసినందువల్ల సమాచారం దాటడం ఆగలేదు, ఏ లాగులోనూ నమోదు కాని దారి పట్టింది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ప్రకారం తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఆ భయంతో ప్రతి తలుపూ మూసే సంస్థ, ఉద్యోగికి న్యాయమైన దారి ఒకటి చూపకపోతే, తన కంటికి కనబడని చోటికి ప్రమాదాన్ని నెట్టినట్టే. అనుమతి అడిగి, నమోదు చేసి, పాఠాన్ని మాత్రమే ఒక దిశలో దాటనిచ్చే పద్ధతి అంతకన్నా మేలు. సిట్రిక్స్ వంటి వ్యవస్థల్లో దిశను బట్టి క్లిప్‌బోర్డును కట్టడి చేసే పాలసీలు ఇప్పటికే ఉన్నాయి. వాడుకోవాలన్న ఆలోచనే రావాలి.

తీర్పు

రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాక నా మొగ్గు దాచను. దిశను స్పష్టంగా చూపడంలో, తేలిగ్గా అందుబాటులో ఉండటంలో వర్చువల్‌బాక్స్ మెరుగు. ఎవరు దాటించారు, ఎప్పుడు దాటించారు, ఎంతసేపు ఉంది, ఎంత దాటింది అన్న నాలుగు ప్రశ్నలకూ క్యూబ్స్ దగ్గర జవాబుంది, వర్చువల్‌బాక్స్ దగ్గర లేదు. నిర్మాణంగా క్యూబ్స్ ఆలోచనే సరైనది. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఈ ఆలోచన ప్రకటితమై పదిహేనేళ్లు దాటినా మామూలు హైపర్‌వైజర్లు దాన్ని అందుకోకపోవడం. దీనికి జెన్ అక్కర్లేదు, రంగు అంచులూ అక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ ఇప్పుడున్న నాలుగు స్థితుల పక్కన అయిదోది చేర్చితే చాలు: హోస్టులో ఒక ప్రత్యేక మీట నొక్కినప్పుడు, ఆ ఒక్కసారికి, ఆ ఒక్క గెస్టుకు. హోస్టు పట్టుకునే మీట వర్చువల్‌బాక్స్‌లో ఎలాగూ ఉంది. దానికి ఈ పని అప్పగించడం ఇంజనీర్లకు అసాధ్యమేమీ కాదు.

అది వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి కొన్ని. క్లిప్‌బోర్డును మెషీన్ పెట్టిన రోజున కాకుండా అవసరం పడిన నిమిషంలో తెరవండి, పని అవగానే మూయండి. నడుస్తున్న మెషీన్‌లోనే డివైసెస్ మెనూ నుంచి ఇది మార్చవచ్చు, రీస్టార్టు అక్కర్లేదు. రెండు గెస్టులకు ఒకేసారి రెండు వైపుల స్థితి ఇవ్వకండి. మాల్వేర్ పరీక్షించే గెస్టులో గెస్ట్ అడిషన్స్ అసలు ఎక్కించకండి. విండోస్ శాండ్‌బాక్స్‌లో క్లిప్‌బోర్డు డిఫాల్టుగా తెరిచే ఉంటుంది. అనుమానాస్పద ఫైళ్ల కోసం దాన్ని వాడుతుంటే కాన్ఫిగరేషన్ ఫైలులో దాన్ని ఆపేసే పంక్తి చేర్చండి. పాస్‌వర్డు ఏ మెషీన్‌లో వాడతారో ఆ మెషీన్‌లోనే పాస్‌వర్డ్ మేనేజరు పెట్టుకుంటే దాన్ని గోడ దాటించే అవసరమే తగ్గుతుంది. వేరే చోటు నుంచి తెచ్చిన ఆదేశాన్ని టెర్మినల్‌లో కంటే ముందు టెక్స్ట్ ఎడిటరులో పేస్టు చేసి చదవండి.

ల్యాబుల్లో వర్చువల్ మెషీన్ నేర్పే అధ్యాపకులకు ఒక మాట. ఇన్‌స్టాల్ అవగానే షేర్డ్ క్లిప్‌బోర్డును రెండు వైపులా పెట్టమని చెప్పడం చాలాచోట్ల పాఠంలో భాగమైపోయింది. ఆ ఒక్క వాక్యాన్ని మార్చండి. పైన చెప్పిన నాలుగు పంక్తుల స్క్రిప్టును విద్యార్థుల చేత రాయించి, వాళ్లు హోస్టులో కాపీ చేసిన మాట గెస్టులోని ఫైలులో తేలడం వాళ్లకే చూపించండి. ఏ స్థితి ఎంచుకోవాలో ఆ తర్వాత వాళ్లనే తేల్చుకోనివ్వండి. వర్చువల్ మెషీన్ ఇచ్చే భరోసాకు హద్దు ఎక్కడుందో తెలిసిన ఇంజనీరు, రేపు ఇలాంటి వ్యవస్థను తనే రాయాల్సి వచ్చినప్పుడు ఆ అయిదో స్థితిని మరిచిపోడు.